రేటు తగ్గలేదు, అమ్ముడుపోవడమే లేదు: వరంగల్ ఇళ్ల మార్కెట్‌ను ఎలా అర్థం చేసుకోవాలి

క్లుప్తంగా: వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో ఇల్లు కొనడమంటే చాలావరకు భూమి కొనడమే. మార్కెట్ చల్లబడినప్పుడు ఇక్కడ రేటు కిందికి రాదు, అమ్మకాలు ఆగిపోతాయి. మార్కెట్ వేడెక్కినప్పుడేమో ఒకే జాగా కాగితం మీద ఒకసారి, చేతుల్లో నాలుగుసార్లు మారుతుంది. అందుకే నోటిమాటగా చెప్పే గజం రేటు మార్కెట్ పరిస్థితిని సగమే చెబుతుంది. మిగతా సగం, ఎన్ని డాక్యుమెంట్లు అవుతున్నాయి, అమ్మకానికి పెట్టిన ఇల్లు ఎన్నాళ్లకు పోతోంది అన్న దాంట్లో ఉంటుంది.

హనుమకొండలో ఇల్లు కొందామని తిరిగేవారికి ఒకే రోజు రెండు మాటలు వినిపిస్తాయి. "రేట్లేం తగ్గలేదు, ఆగితే ఇంకా పెరుగుతాయి" అని ఒకరంటారు. "ఏడాది నుంచి బోర్డు పెట్టాం, అడిగే మనిషి లేడు" అని ఇంకొకరంటారు. రెండూ అబద్ధం కాదు. ఈ రెండు మాటలు ఒకే మార్కెట్‌లో ఎలా నిజమవుతాయన్నది తెలిస్తే గత ఇరవై ఏళ్ల కథ చాలావరకు అర్థమవుతుంది.

ఒక జాగాకు రెండు రేట్లు

ముందుగా లెక్కల సంగతి. రిజర్వ్ బ్యాంక్ ఇళ్ల ధరల సూచీ చాలా ఏళ్లు పది నగరాలతోనే నడిచింది, అందులో ఒక్క తెలుగు నగరం కూడా లేదు. వరంగల్ లాంటి ఊరికి మిగిలేవి రెండు: రిజిస్ట్రేషన్ శాఖ దగ్గరున్న మార్కెట్ వాల్యూ (పేరు అదైనా, అది ప్రభుత్వం కట్టిన ధర), మధ్యవర్తులు చెప్పే బయటి రేటు. ఈ రెండింటికీ పొంతన ఉండదు.

పొంతన ఎందుకు తప్పిందో చూడాలంటే ఒక్క విషయం చాలు. తెలంగాణలో 2013 తర్వాత మార్కెట్ వాల్యూలను మళ్లీ సవరించింది 2021 జూలై 22నే. దాదాపు ఎనిమిదేళ్లు ప్రభుత్వ ధర కదలలేదు, బయట మాత్రం ఊరి అంచుల్లోని వెంచర్ల నుంచి హనుమకొండలోని నక్కలగుట్ట దాకా రేట్లు ఎక్కడికో పోయాయి. 2021లో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి 6 శాతం ఉన్నది 7.5 శాతం అయింది. ఆరేడు నెలలకే, 2022 ఫిబ్రవరి 1న వాల్యూలను ఇంకోసారి పెంచారు. అయినా తేడా పూడలేదు.

ఉదాహరణకు 200 గజాల ప్లాటు తీసుకుందాం. అంకెలు కేవలం లెక్క కోసం. బయటి రేటు గజం 20 వేలు, ప్రభుత్వ ధర 6 వేలు అనుకుంటే, చేతులు మారేది 40 లక్షలు, డాక్యుమెంట్‌లో రాసేది 12 లక్షలు. దాని మీద 7.5 శాతం అంటే 90 వేలు. మొత్తానికి రాస్తే 3 లక్షలు కట్టాలి. కొనేవాడికి రెండు లక్షల పది వేలు మిగిలినట్టు కనిపిస్తుంది. అసలు చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. బ్యాంకు లోన్ ఇచ్చేది కాగితం మీద ఉన్న విలువను చూసి. 12 లక్షల డాక్యుమెంట్‌కు 40 లక్షల సరుకు మీద లోన్ రాదు, మిగతా 28 లక్షలు చేతిలో ఉన్నవాడే కొనగలడు. అంటే జీతం మీద బతికే కుటుంబం మార్కెట్‌లోకి రాకముందే పక్కకు పోతుంది.

ఇంకో పదేళ్లకు ఆ ప్లాటు అమ్మాల్సి వస్తే, కొనేవాడు మొత్తం వైట్‌లో ఇస్తానన్నా అమ్మేవాడు జంకుతాడు. ఎందుకంటే అతని కొనుగోలు ధర రికార్డులో 12 లక్షలే ఉంటుంది, అమ్మకం ధరకూ దానికీ మధ్య ఉన్నదంతా లాభం కిందికి వచ్చి క్యాపిటల్ గెయిన్స్ పన్ను పడుతుంది. 2024 జూలై 23 తర్వాత కొన్న ఆస్తులకు ధరల పెరుగుదలను సర్దుబాటు చేసుకునే ఇండెక్సేషన్ కూడా లేదు, దీర్ఘకాలిక లాభం మీద నేరుగా 12.5 శాతం. కాబట్టి అతను కూడా తక్కువకే రాయమంటాడు. ఒకరు తక్కువ రాస్తే తర్వాతివారంతా తక్కువే రాయాల్సి వచ్చే గొలుసు ఇది. అక్రమమని అందరికీ తెలుసు, తెంచితే ముందుగా నష్టపోయేది తెంచినవాడే కాబట్టి ఎవరూ తెంచరు. ప్రభుత్వ ఆదాయానికే కాదు, ఊరి ధరల చరిత్రకు కూడా ఇది పెద్ద నష్టం. 20 ఏళ్ల తర్వాత ఎవరైనా రికార్డులు తిరగేస్తే వాళ్లకు కనిపించేది జరగని ధర.

ఊరు పెరిగిన తీరు

వరంగల్‌లో ఇళ్లకు గిరాకీ ఎప్పుడూ ఒకే చోట నుంచి రాలేదు. 1934లో మొదలైన ఆజంజాహి మిల్లు, కాజీపేట రైల్వే జంక్షన్ ఒక తరానికి ఇళ్లు కట్టించాయి. 1959లో ఇప్పటి ఎన్ఐటీ, కాకతీయ మెడికల్ కాలేజీ, 1976లో కాకతీయ యూనివర్సిటీ వచ్చాక బరువు హనుమకొండ వైపు జరిగింది. టీచర్లు, లెక్చరర్లు, బ్యాంకు ఉద్యోగులు 200, 300 గజాల్లో డాబాలు కట్టుకున్న కాలనీలు అప్పటివే. 1980, 90ల్లో పల్లెల్లో పరిస్థితులు బాగాలేక కాస్త ఉన్న కుటుంబాలు ఊళ్లు వదిలి హనుమకొండలో స్థిరపడటం ఇంకో పెద్ద కదలిక. పిల్లల చదువు పేరుతో వచ్చినవారు వాళ్లకు తోడయ్యారు. ఈ గిరాకీ అంతా ఉండటానికి కొనేవారిది, అందుకే నెమ్మదిగా పెరిగింది, పెద్దగా ఊగలేదు.

2000ల మధ్యలో హైదరాబాద్ రియల్ ఎస్టేట్ జోరు హైవే వెంబడి ఇటు కూడా పాకింది. 2008లో ప్రపంచ మాంద్యం, ఆ వెంటనే తెలంగాణ ఉద్యమ కాలంలో ఏం జరుగుతుందో తెలియని స్థితి, రెండూ కలిసి కొన్నేళ్లు కొనుగోళ్లను బిగబట్టాయి. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది, 2015 జనవరిలో కార్పొరేషన్ గ్రేటర్ అయింది, 2016 అక్టోబరు 11న జిల్లాల విభజన జరిగింది. ఈ చివరిది అంత చిన్న విషయం కాదు. పాత వరంగల్ జిల్లా ఐదు ముక్కలైంది, తర్వాత ములుగు కూడా విడిపోయింది. ప్రతి కొత్త జిల్లా కేంద్రంలో కలెక్టరేట్ ఎక్కడ వస్తుందన్న దాని చుట్టూ ఒక్కో చిన్న మార్కెట్ పుట్టింది. జనగామ, భూపాలపల్లి, మహబూబాబాద్, ములుగుల్లో కలెక్టరేట్ రోడ్డు అన్న మాటకే ఒక విలువ వచ్చింది.

2018 మే నుంచి రైతుబంధు, దానికి ముందు భూ రికార్డుల ప్రక్షాళన, చెరువుల్లోకి నీళ్లు రావడం, ఇవన్నీ కలిసి వ్యవసాయ భూమి రేటును లేపాయి. ఇళ్ల ధరతో దీనికేం సంబంధం అనిపించవచ్చు. సంబంధం నేరుగా ఉంది.

ఎకరం పెరిగితే గజం ఎందుకు పెరుగుతుంది

ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు, మొత్తం 4,840 గజాలు. వెంచర్ వేసినప్పుడు రోడ్లకు, పార్కుకు వదలాల్సిన 10 శాతం ఖాళీ స్థలానికి, మూలల్లో పోయే వంకరలకు తీసేస్తే అమ్మడానికి మిగిలేది సగం పైచిలుకు, 2,700 గజాలు అనుకుందాం. రైతు దగ్గర ఎకరం కోటికి కొంటే ఒక్కో గజానికి భూమి ఖర్చే 3,700 పడుతుంది. దాని మీద నాలా కన్వర్షన్ (సాగు భూమిని వ్యవసాయేతర భూమిగా మార్చడం), లేఅవుట్ అనుమతి ఫీజులు, రోడ్లు, కరెంటు, మధ్యవర్తుల కమీషన్, పెట్టుబడి మీద వడ్డీ, లాభం. రైతు ఎకరం కోటిన్నర అంటే ఈ మెట్లన్నీ పైకి జరుగుతాయి. ఊరికి పది, పదిహేను కిలోమీటర్ల దూరంలో, చుట్టూ పత్తి చేలు తప్ప ఇల్లు కనిపించని చోట కూడా గజం వేలల్లో పలకడం వెనుక ఉన్న లెక్క ఇదే.

రైతు ఎందుకు తగ్గించడు అంటే, అతన్ని తొందరపెట్టేదేమీ లేదు. పంట వస్తుంది, పాసుబుక్కు ఉంది, భూమిని పట్టుకుని కూర్చోవడానికి ఏటా కట్టాల్సిన భారం లేదు. వెంచర్ వేసినవాడికి ఆ వెసులుబాటు లేదు.

2020: ఆగిన మూడు నెలలు, ఆ తర్వాత వచ్చిన పొంగు

2020 సెప్టెంబరు 8 నుంచి రాష్ట్రంలో రిజిస్ట్రేషన్లు ఆగిపోయాయి. అక్టోబరు 29న భూ రికార్డుల పోర్టల్ ధరణి మొదలై, నవంబరు 2 నుంచి వ్యవసాయ భూములకు వీలు దొరికింది, ఇళ్లకు, ప్లాట్లకు డిసెంబరు మధ్య దాకా దొరకలేదు. దానికి ముందే ఆగస్టు చివర్లో ఎల్ఆర్ఎస్ (ఫీజు కట్టించుకుని అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధం చేసే పథకం) ప్రకటించి, అనుమతి లేని లేఅవుట్లలో అప్పటిదాకా రిజిస్టర్ కాని ప్లాట్లకు తలుపు మూసేశారు. గ్రామ పంచాయతీ లేఅవుట్లలో వందల గజాలు కొని పెట్టుకున్న మధ్యతరగతికి ఇది గట్టి దెబ్బ. రాష్ట్రవ్యాప్తంగా సుమారు 25 లక్షల దరఖాస్తులు వచ్చాయి, ఫీజు రాయితీతో వాటిని కదిలించింది 2025లో. మధ్యలో నాలుగేళ్లు ఆ ప్లాట్లు యజమానులకు ఉన్నా లేనట్టే అయ్యాయి.

ఇంకోపక్క రిజర్వ్ బ్యాంక్ రెపో రేటు (బ్యాంకులకు అది అప్పిచ్చే వడ్డీ) 2020 మే నుంచి 2022 మే దాకా 4 శాతం దగ్గరే ఉంది, ఇంటి లోన్ అంత చౌకగా అంతకుముందు దొరకలేదు. కోవిడ్‌లో ఇంటికొచ్చి పనిచేసిన సాఫ్ట్‌వేర్ పిల్లలు అమ్మానాన్నల ఊళ్లో ప్లాటు కొన్నారు. అనుమతి ఉన్న లేఅవుట్లకు ఒక్కసారిగా గిరాకీ వచ్చింది, ఎందుకంటే లేనివాటిని రిజిస్టర్ చేయించుకునే దారి మూసుకుపోయింది. 2021, 22 నాటి పెరుగుదలను విమానాశ్రయం వార్తలకో టెక్స్‌టైల్ పార్కుకో కట్టబెట్టడం తేలిక, కానీ చౌక వడ్డీ, సరుకు కొరత, ఈ రెండింటి వాటా అంతకంటే పెద్దది.

ఈ పొంగులోనే అగ్రిమెంట్ల వ్యాపారం బాగా నడిచింది. పది శాతం బయానా ఇచ్చి మూడు నెలల గడువు రాయించుకుంటారు. గడువులోపే ఇంకొకరికి గజానికి వెయ్యో రెండు వేలో ఎక్కువకు తిప్పేస్తారు. ఆయన ఇంకొకరికి. చివరి మనిషి పేరు మీదే రిజిస్ట్రేషన్ అవుతుంది. రికార్డులో ఒక్క అమ్మకం, నిజంలో నాలుగు. అయితే గాలి తిరిగినప్పుడు చివర్లో అగ్రిమెంట్ పట్టుకున్నవాడు ఇరుక్కుంటాడు. మిగతా డబ్బు కట్టలేడు, తిప్పడానికి మనిషి దొరకడు, బయానా పోతుంది. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి మధ్య రెపో 6.5 శాతానికి చేరాక, ఆ ఏడాది చివర్లో ఎన్నికలు కూడా వచ్చాక, వేగం తగ్గింది. 2025లో వడ్డీ దిగుతూ డిసెంబరుకు రెపో 5.25 శాతానికి వచ్చినా అగ్రిమెంట్లు తిప్పే ఆ జోరు తిరిగి రాలేదు.

రేటు కిందికి ఎందుకు రాదు

పెద్ద నగరంలో అపార్ట్‌మెంట్ల బిల్డర్‌కు బ్యాంకు అప్పు ఉంటుంది, ఫ్లాట్లు పోకపోతే వడ్డీ తినేస్తుంది, కాబట్టి ఆఫర్ పెడతాడు, తగ్గిస్తాడు. వరంగల్‌లో అమ్మేవారిలో ఎక్కువమంది సొంత డబ్బుతో కొన్న మామూలు మనుషులు. రిటైర్డ్ ఉద్యోగి, దుకాణదారు, అన్నదమ్ముల వాటాగా జాగా వచ్చిన కుటుంబం. వాళ్లకు నెలనెలా కట్టాల్సింది లేదు. అడిగిన రేటు రాకపోతే బోర్డు తీసేసి లోపల పెడతారు. పక్క ప్లాటాయన రెండేళ్ల కింద ఎంతకు అమ్మాడో ఆ అంకె మనసులో మేకులా దిగి ఉంటుంది, దానికంటే తక్కువకు ఇస్తే మోసపోయినట్టు.

అయితే కదలని రేటు కూడా ఒక రకంగా తగ్గుదలే. మిగతా ధరలు ఏటా 5 శాతం పెరుగుతున్నాయనుకుంటే, ఐదేళ్లు అదే రేటు దగ్గర నిలబడిన ప్లాటు అసలు విలువలో ఐదో వంతుకు పైగా పోగొట్టుకున్నట్టు. అది ఎవరికీ కంటికి కనిపించదు కాబట్టి "రేటు తగ్గలేదు" అన్న మాట నిలబడుతుంది.

నిజంగా తగ్గించి అమ్మేవారు కూడా ఉంటారు. రెండు రూపాయల వడ్డీకి తెచ్చి భూమి మీద పెట్టినవారు వాళ్లు. పది లక్షలకు నెలకు 20 వేలు, ఏడాదికి రెండు లక్షల నలభై వేలు. ఆ భూమి ఏటా 24 శాతం పెరిగితేనే వడ్డీకి సరిపోతుంది, అలా ఎక్కడా ఎల్లకాలం పెరగదు. ఆసుపత్రి ఖర్చు, ఆడపిల్ల పెళ్లి, పిల్లల విదేశీ చదువు కోసం అమ్మేవారు కూడా ఇలాగే దిగుతారు. ఈ బేరాలు గప్‌చుప్‌గా జరుగుతాయి. కాలనీలో రేటు పాడవుతుందని కొన్నవారూ చెప్పరు, అమ్మినవారూ చెప్పరు. అలా తగ్గిన ధరలు నోటిమాట రేటులోకి ఎక్కవు, పెరిగినవి మాత్రం సాయంత్రానికల్లా ఊరంతా తిరుగుతాయి.

ఫ్లాటు వేరు, ఇండిపెండెంట్ ఇల్లు వేరు

ధరలు పెరిగాయన్న మాట ఈ రెండింటికీ ఒకేలా వర్తించదు. 150 గజాల్లో ఉన్న పాత డాబాలో గోడలు అరిగిపోతాయి, కింద 150 గజాలు మొత్తం యజమానివే. 1,200 చదరపు అడుగుల ఫ్లాటుకు భూమిలో వాటా 40, 50 గజాలే రావచ్చు. భూమి రేటు రెట్టింపైతే ఆ నలభై గజాలకే లాభం, మిగతా ధరంతా కట్టడానిది, అది ఏటా పాతబడుతుంది. పదిహేనేళ్ల ఫ్లాటు అమ్మబోయినవారికి అనుకున్నంత రాకపోవడానికి కారణం ఇదే, పార్కింగో లిఫ్టో తర్వాతి సంగతి. కొత్త ఫ్లాటు నిర్మాణంలో ఉండగా కొంటే జీఎస్టీ 5 శాతం. వరంగల్ హైదరాబాద్‌లా మెట్రో నగరం కాదు, కాబట్టి ఇక్కడ 90 చదరపు మీటర్ల కార్పెట్ ఏరియా, 45 లక్షల లోపు ఉంటే 1 శాతం. ఖాళీ ప్లాటు అమ్మకానికి జీఎస్టీ లేదు.

అద్దె లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. 60 లక్షల ఇంటికి నెలకు 12 వేలు అద్దె వస్తే ఏడాదికి లక్షా నలభై నాలుగు వేలు, అంటే 2.4 శాతం. అదే డబ్బు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో అంతకు రెట్టింపుకు పైగా ఇస్తుంది. కాలేజీలు, కోచింగ్‌లు ఉన్న నయీంనగర్, కిషన్‌పుర వైపు హాస్టళ్లకు ఇచ్చే ఇళ్లకు అద్దె మెరుగ్గా ఉంటుంది, మిగతా చోట్ల ఇల్లు కొనేది అద్దె కోసం కాదు, భూమి పెరుగుతుందన్న నమ్మకంతో.

ప్రకటన రోజే సగం రేటు

ఆ నమ్మకానికి మేత ప్రాజెక్టుల ప్రకటనలు. 1980ల్లో కాజీపేటకు అనుకున్న రైల్వే కోచ్ ఫ్యాక్టరీ పంజాబ్‌లోని కపుర్తలాకు పోయింది. వ్యాగన్ల తయారీ యూనిట్‌కు శంకుస్థాపన జరిగింది 2023 జూలై 8న. నాలుగు దశాబ్దాల తేడా. గీసుగొండ, సంగెం మండలాల్లోని మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017 అక్టోబరు 22న శంకుస్థాపన చేశారు, ఫ్యాక్టరీలు ఒక్కటొక్కటిగా రావడానికి ఏళ్లు పట్టింది. ఇప్పుడు మామునూరు విమానాశ్రయం వంతు. నిజాం కాలం నాటి ఎయిర్‌స్ట్రిప్‌కు అదనంగా 253 ఎకరాల సేకరణ కోసం 2024 నవంబరులో రాష్ట్రం 205 కోట్లు మంజూరు చేసింది, 2025 ఫిబ్రవరి చివర్లో కేంద్రం ఆమోదం వచ్చింది.

ఇక్కడ గమనించాల్సింది క్రమం. ప్రకటన వినగానే రేటు ఎగురుతుంది, శంకుస్థాపనకు ఇంకో మెట్టు, తర్వాత ఏళ్ల తరబడి నిలకడ. మొదటి విమానం ఎగిరేనాటికి ఆ లాభం ఎప్పుడో తొలి కొనుగోలుదారుల జేబులోకి వెళ్లి ఉంటుంది. పైగా విమానాశ్రయం చుట్టూ ఎత్తు పరిమితులు, శబ్దం ఉంటాయి, రన్‌వేకు దగ్గరగా ఉన్న ప్రతి గజం లాభపడదు. ఉద్యోగాలు తెచ్చే ఫ్యాక్టరీ దగ్గర పరిస్థితి వేరు. అక్కడ పనిచేసేవారికి అద్దె ఇళ్లు కావాలి, గిరాకీ నెమ్మదిగా వచ్చినా నిలబడుతుంది.

పక్క ఊళ్లతో పోలిస్తే

కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు గల్ఫ్ డబ్బు ఇళ్లు కట్టించింది. అక్కడ ఊళ్లోనే పెద్ద ఇల్లు కట్టుకోవడం ఎక్కువ, కాబట్టి దుబాయ్, సౌదీలో పని తగ్గితే స్లాబు మధ్యలో ఆగుతుంది. గోదావరిఖని, మంచిర్యాల, భూపాలపల్లిలో సింగరేణి జీతం, లాభాల వాటా, రిటైర్మెంట్ డబ్బు మార్కెట్‌ను నడుపుతాయి. సింగరేణి స్థలాల్లో కట్టుకున్న ఇళ్లకు పట్టాల చిక్కు ఉండటంతో అక్కడి రిటైర్డ్ కార్మికులు చాలామంది సొంత పేరు మీద జాగా కోసం మంచిర్యాలకో హనుమకొండకో వస్తారు. వరంగల్‌కు ఒకే డబ్బు మీద ఆధారం లేదు. ఉద్యోగుల జీతం, ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి, పత్తి అమ్మిన డబ్బు, ఆసుపత్రులు, కాలేజీల ఆదాయం, అమెరికా నుంచి పిల్లలు పంపేది, అన్నీ ఇక్కడికే చేరతాయి. అందుకే ఇది మిగతా ఊళ్లకంటే తక్కువ ఊగుతుంది.

ఇకముందు ధరను కదిలించేవి

దశాబ్దాల నాటి పాత ప్లాన్ పోయి 2041 మాస్టర్ ప్లాన్‌కు 2024 నవంబరులో ఆమోదం వచ్చింది. ఏ సర్వే నంబరు నివాస జోన్‌లో ఉంది, ఏది రోడ్డు కింద పోతుంది అన్నది ఇప్పుడు దాన్నిబట్టే తేలుతుంది. అవుటర్ రింగ్ రోడ్డు పక్కనే 2022లో తలపెట్టిన ల్యాండ్ పూలింగ్‌ను రైతులు గట్టిగా ఎదిరించడంతో వెనక్కి తీసుకున్నారు. ఆ గొడవ నడిచినన్నాళ్లు ఆ ఊళ్లలో భూమి అమ్మేవారు, కొనేవారు ఇద్దరూ ఆగిపోయారు. జోన్ తేలడమే కొన్నిచోట్ల రేటు పెంచుతుంది, కొన్నిచోట్ల దింపుతుంది. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది, పెండింగ్‌లో ఉన్న సాదాబైనామాలు (రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాసుకున్న కొనుగోళ్లు) తేలితే ఇన్నాళ్లు అమ్మడానికి వీల్లేని భూమి కొంత మార్కెట్‌లోకి వస్తుంది.

ఇంకొకటి నీళ్లు. 2020 ఆగస్టు, 2023 జూలై, 2025 అక్టోబరులో మొంథా తుపాను. ఐదేళ్లలో మూడుసార్లు హనుమకొండ, వరంగల్ కాలనీలు మునిగాయి. నాలాలు ఇరుకైన చోట, చెరువు శిఖం (నీళ్లు నిండే భూమి) మీద వెలిసిన చోట మంచాల ఎత్తున నీళ్లు నిలిచాయి. ఆ తర్వాత కొన్ని నెలలు ఆ వీధుల్లో అద్దెకు మనుషులు దొరకరు, ఎండాకాలం వచ్చేసరికి రేటు మళ్లీ యథాతథం. వరద ముప్పు ధరలోకి ఎక్కకపోవడం ఈ మార్కెట్‌లో అన్నిటికంటే ప్రమాదకరమైన లోపం. తెలియక కొన్నవాళ్లే మునుగుతారు, తెలిసి అమ్మినవాళ్లు కాదు.

కొనబోయేవారు బయటి రేటు ఎంతో పదిమందిని అడుగుతారు. దానికంటే ఉపయోగపడే పని ఇంకొకటుంది. ఆ సర్వే నంబరులో చుట్టుపక్కల నాలుగైదు ప్లాట్ల ఈసీలు (ఆస్తి మీద అయిన రిజిస్ట్రేషన్లను చూపే పత్రాలు) తీయిస్తే చివరి డాక్యుమెంట్ ఏ సంవత్సరంలో అయిందో కనిపిస్తుంది. అందులో రాసిన మొత్తాన్ని నమ్మలేం, తేదీని నమ్మొచ్చు. 2022 తర్వాత ఒక్క ప్లాటు కూడా చేతులు మారని వెంచర్‌లో చెబుతున్న గజం రేటు అమ్మేవారు అడుగుతున్న ధర మాత్రమే, కొన్నవారు కట్టిన ధర కాదు.